డ్రమ్ము ఒక్కటే మిగిలిన చోట కొయ్యాలి: పాత ఫంక్ రికార్డుల నుంచి మన డప్పు దాకా

కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ప్రభని భుజాలకెత్తుకుని కౌశిక నీళ్ళలోంచి దాటిస్తుంటారు, గట్టు మీద శరభ శరభ అని కేకలు, ఒక పక్క సన్నాయి, ఒక పక్క డప్పులు. సన్నాయి ఆయన ఊపిరి తీసుకోడానికి ఒక్క క్షణం ఆగుతాడు. రాగం పోయి డప్పు ఒక్కటే మిగులుతుంది. సరిగ్గా అప్పుడే జనం కాళ్ళు లేస్తాయి. హిప్‌హాప్, అంటే ర్యాప్ పాటల సంగీతం, మొత్తం అలాంటి క్షణం మీద కట్టిన ఇల్లు. దాన్ని వాళ్ళు బ్రేక్ అన్నారు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం కుర్రాళ్ళు బీట్లు చేస్తూ నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే, "అన్నా, మంచి శాంపిల్ ప్యాక్ ఉంటే పెట్టవా" అని. ప్యాక్ దొరకడం కష్టం కాదు. కానీ ఎవరో కోసి పెట్టిన ముక్కల్ని పేర్చుకుంటూ పోతే ఆ ముక్క ఎందుకు మంచిదో మీకు ఎప్పటికీ తెలియదు, ఇంకో ముక్క మీ అంతట మీరు వెతుక్కోలేరు. అందుకే ఫంక్ అనే అమెరికా నల్లజాతివాళ్ళ దరువు సంగీతం రికార్డులు హిప్‌హాప్‌కి ముడిసరుకు ఎలా అయ్యాయో చెబుతూ, అదే పని మీరు ఇంట్లో ఎలా చేయాలో కూడా చెబుతాను. అప్పట్లో వాళ్ళు చేతులతో కనిపెట్టిన కిటుకులే ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లో బటన్లయి కూర్చున్నాయి కాబట్టి రెండూ కలిపి చెబితేనే తలకెక్కుతుంది.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్. అక్కడి హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచే ముందు కొత్త బట్టలకి డబ్బులు కావాలని ఒక పార్టీ పెట్టింది. రికార్డులు వేసింది వాళ్ళన్నయ్య క్లైవ్, జమైకాలో పుట్టినవాడు, డీజే కూల్ హెర్క్ అని పేరు. హెర్క్ పాటని కాకుండా ఆడేవాళ్ళని చూశాడు. పాట నడుస్తున్నంతసేపూ కొందరు ఊరికే నిలబడి ఉంటారు, గాయకుడూ బాకాలూ ఆగి డ్రమ్స్ మాత్రమే మిగిలే ఆ కొద్ది సెకన్ల కోసం కాచుకుని ఉంటారు, అది రాగానే నేల మీదకి దూకుతారు. మరి ఆ కొద్ది సెకన్లే కావాలంటే? అదే రికార్డు రెండు కాపీలు కొని, రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పుకున్నాడు. దానికి రంగులరాట్నం అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో డీజే వచ్చి రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, గడియారం ముల్లు చూసినట్టు ఆ గీత ఎక్కడుందో చూసి బ్రేక్‌ని గురి తప్పకుండా పట్టుకునేవాడు. మీ సాఫ్ట్‌వేర్‌లో లూప్ బటన్ ఈ రంగులరాట్నమే, మార్కర్ ఆ క్రేయాన్ గీతే.

సరే, ఫంకే ఎందుకు? ఇది అర్థమైతే సగం పని అయినట్టే. మామూలు పాటలో కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, మారుతూ పోతాయి, పల్లవి చరణంలోకి నడుస్తుంది, మధ్యలో 2 బార్లు (బారంటే 4 దెబ్బల చుట్టు) కోసి మళ్ళీ మళ్ళీ వేస్తే మాట సగంలో ఆపినట్టు చెవికి ఇబ్బందిగా ఉంటుంది. జేమ్స్ బ్రౌన్ అనే ఫంక్ గాయకుడు 1960ల మధ్య నుంచి ఆ పద్ధతే మార్చేశాడు. పాట చాలాసేపు ఒకే కార్డ్ మీద నిలబడి ఉంటుంది, గిటారు, బాస్, బాకాలు అన్నీ తలా ఒక చిన్న ముక్క పట్టుకుని అదే వాయిస్తుంటాయి, అంటే ప్రతి వాయిద్యం ఒక డ్రమ్ము అయిపోయింది. అందరూ కలిసి బరువంతా మొదటి దెబ్బ మీద వేస్తారు, ఒకటి అన్నచోట. దాన్నే "ది వన్" అనేవాడు. ఒకటి నుంచి ఒకటి దాకా కోస్తే చాలు, అతుకు తెలియదు. దరువులో మన డప్పు కూడా అంతే కదా, ఒక చుట్టు ఎక్కడ అయిందో ఎక్కడ మొదలైందో తెలియకుండా తిరుగుతుంది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. మొదటి పని వినడం, దీనికి ఒక వారం ఇవ్వండి.

జేమ్స్ బ్రౌన్ "ఫంకీ డ్రమ్మర్" వెతకండి. సిన్సినాటీలో 1969 నవంబరులో రికార్డు చేశారు, 1970లో చిన్న రికార్డు రెండు వైపులా రెండు భాగాలుగా వచ్చింది. మీకు కావలసింది పొడుగు వెర్షన్, 7 నిమిషాలది, 1986లో వచ్చిన "ఇన్ ద జంగిల్ గ్రూవ్" అనే సంకలనంలో ఉంది. ఫోను స్పీకరులో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఐదున్నర నిమిషాల దాకా ఓపిక పట్టండి. సోలోలు ఏమీ వద్దు, వాయించేది అలాగే వాయించు అని బ్రౌన్ డ్రమ్మర్‌కి చెబుతాడు, మిగతావాళ్ళు ఆగిపోతారు, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒక్కడే ఉంటాడు. 8 బార్లు, దాదాపు 20 సెకన్లు. అంతే.

ఆ 20 సెకన్లు మొదటిసారి పెద్ద దెబ్బల కోసం వినండి: కింద ధబ్‌మనేది కిక్, టప్‌మని పగిలేది స్నేర్. రెండోసారి హై-హాట్ తాళం మాత్రమే వినండి, ఆగకుండా నడుస్తూ ఒకచోట తెరుచుకుని చిస్స్‌మంటుంది. మూడోసారి స్నేర్‌లో పెద్ద దెబ్బలు వదిలేసి వాటి మధ్యలో గుసగుసలాగా పడే చిన్న దెబ్బలు వెతకండి. వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. మొదట్లో వినపడవు, ఒకసారి వినపడ్డాక వదలవు. మనవాళ్ళకి ఇది కొత్త కాదు. డప్పు వాయించే మనిషి చేతులు ఈసారి దగ్గరగా చూడండి: కుడిచేతిలో చిర్ర, లావు పుల్ల, దరువు బరువంతా దానిది, ఎడమచేతి వేళ్ళ మధ్య సన్నటి చిటికెన పుల్ల, అది చర్మాన్ని అలా తాకీ తాకకుండా మధ్య ఖాళీలన్నీ నింపుతుంటుంది. చిటికెన పుల్ల తీసేస్తే దరువు ఉంటుంది కానీ నడక ఉండదు. స్టబుల్‌ఫీల్డ్ ఎడమచెయ్యి చేసింది అదే పని. పబ్లిక్ ఎనిమీ, ఎల్.ఎల్. కూల్ జే లాంటి ర్యాప్ వాళ్ళు ముందు వందల రికార్డులున్నా ఆ 20 సెకన్లనే ఎందుకు పట్టుకున్నారంటే ఆ ఎడమచేతి కోసమే అని నా నమ్మకం.

ఇంకొకటి కూడా వినాలి. ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో వేసిన "ఆమెన్, బ్రదర్". రికార్డుకి రెండో వైపు పడేసిన పాట అది. దాదాపు నిమిషంన్నర దగ్గర గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే 4 బార్లు వాయిస్తాడు, 7 సెకన్లకి మించదు. ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అనే సంగీతాలు చాలావరకు ఆ 7 సెకన్ల మీదే లేచాయి.

ఇక ముక్క ఎక్కడినుంచి తీయాలి. ఫైలు నుంచి తీయొచ్చు, తప్పేం లేదు. కానీ రికార్డు నుంచి తీయడం ఒక్కసారైనా చేయండి, మన ప్రాంతంలో అవి ఇంకా ఉన్నాయి. మైకుసెట్టు షాపులు గుర్తున్నాయా? పెళ్ళికీ, సమర్తకీ, తీర్థానికీ కొబ్బరిచెట్టుకి బాకా స్పీకరు కట్టి రికార్డులు వేసేవాళ్ళు. మా మావయ్యకి గోదావరి లంకలో అలాంటి సెట్టు ఉండేది. 1986 ఆగస్టు వరదకి షాపులోకి నీళ్ళొచ్చి కింద అరలో రికార్డులన్నీ ఒండ్రులో కూరుకుపోయాయి. పై అరలోవి మిగిలాయి, వాటితోనే నేను నేర్చుకున్నాను. అదే ఏడాది న్యూయార్క్‌లో "అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్" అని, బ్రేకులున్న పాత పాటలన్నీ ఏరి ఒకచోట పెట్టిన సంకలనాలు రావడం మొదలైంది, 1991 దాకా 25 భాగాలు వచ్చాయి. అంతకుముందు డీజేలు రికార్డుల మీద లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడపీకేసేవాళ్ళు, ఏ పాటో పక్కవాడికి తెలియకూడదని. ఈ సంకలనాలతో ఆ రహస్యం అందరిదీ అయిపోయింది.

మావయ్య రికార్డుల దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మన దగ్గర తేమ ఎక్కువ, వానాకాలంలో రికార్డు మీద తెల్లగా బూజు పడుతుంది. అది పోతుందని దూదికి స్పిరిట్ పూసి తుడిచాను. ఎల్పీల మీద పరవాలేదు కానీ ఒకటి పాత 78 స్పీడు రికార్డు, అది లక్కతో చేసింది, స్పిరిట్ తగలగానే లక్క కరిగి గాళ్ళన్నీ జిగురైపోయాయి. అందులో ఏం పాట ఉండేదో మళ్ళీ వినలేదు. కాబట్టి ముందు చూసుకోండి: బరువుగా, పింగాణీలాగా పెళుసుగా ఉంటే అది లక్క, స్పిరిట్ దాని దరికి తీసుకెళ్ళొద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి తిరిగే దిక్కులోనే గుండ్రంగా తుడిచి, లేబుల్ తడవకుండా చూసి, మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే అప్పడంలా వంగిపోతుంది. దాచేటప్పుడు కూడా పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు.

ప్లేయరు తీగని ఆంప్లిఫయరు ఫోనో ఇన్‌పుట్‌కి పెట్టి, అక్కడినుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటరుకి అందించే పెట్టెకి, దాన్నుంచి కంప్యూటరుకి. ఆడాసిటీ ఉచితం, అది చాలు. ఫోను మీద అయితే కోఆలా శాంప్లర్ అనే యాప్. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే, దాని గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. లెవెల్ మాత్రం ఎర్రగీతకి బాగా కిందే ఉంచండి.

కొయ్యడం. ముందు బ్రేక్‌లో ఒకటి ఎక్కడ పడిందో వేలితో కొట్టుకుంటూ చూసుకుని, కిక్ మొదలయ్యే అంచు దగ్గరికి జూమ్ చేయండి. తెర మీద కనిపించే శబ్దం అల మధ్యగీతని దాటే చోట, అంటే సున్నా దగ్గర, కొయ్యాలి. అల ఎత్తులో ఉన్నప్పుడు కోస్తే ప్రతి చుట్టుకీ టిక్‌మని వినిపిస్తుంది. చివర కూడా అలాగే, తర్వాతి ఒకటికి సరిగ్గా ముందు. టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, కావాలంటే లెక్క తేలిక: దెబ్బల సంఖ్యని 60తో గుణించి సెకన్లతో భాగించండి. 4 బార్లంటే 16 దెబ్బలు, అవి 7 సెకన్లలో అయితే 960ని 7తో భాగించాలి, 137. "ఆమెన్" దగ్గర దగ్గర అంతే ఉంటుంది. ఆ తర్వాత చాలామంది ప్రతి దెబ్బనీ గ్రిడ్ మీదకి, అంటే సాఫ్ట్‌వేర్ గీసిన సమాన గీతల మీదకి, లాగి సరిచేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ మనిషి స్నేర్‌ని ఒక పిసరు ఆలస్యంగా కొట్టాడంటే అందుకే మీకు ఆ ముక్క నచ్చింది, సరిచేస్తే మిగిలేది ఏ మెషిన్ అయినా ఇచ్చే శబ్దమే.

ఇక్కడినుంచి రెండు దారులు. ముక్కని ఉన్నదున్నట్టు లూప్ చేయడం ఒకటి. 1980ల్లో మెషిన్లు కొనలేని కుర్రాళ్ళు డబుల్ క్యాసెట్ డెక్కు మీదే చేసేవాళ్ళు, బ్రేక్ రికార్డు చేసి పాజ్ నొక్కి, మొదటికి తిప్పి, మళ్ళీ పాజ్ వదిలి, అలా గంటల తరబడి. రెండో దారి ముక్కని దెబ్బలుగా విడగొట్టడం, కిక్ వేరు, స్నేర్ వేరు, ఒక్కోటి ఒక్కో ప్యాడ్ (వేలితో కొట్టే బటన్) మీద పెట్టి మీ దరువు మీరు వాయించుకోవడం. మార్లీ మార్ల్ అనే ప్రొడ్యూసర్ ఏదో రికార్డు నుంచి గొంతు ముక్క పట్టబోతే స్నేర్ దెబ్బ కూడా పడిందని, దాన్ని వాయించి చూస్తే తన డ్రమ్ మెషిన్ శబ్దం కంటే బాగుందని చెబుతాడు. ది హనీ డ్రిప్పర్స్ 1973లో వేసిన "ఇంపీచ్ ద ప్రెసిడెంట్" మొదట్లో డ్రమ్స్ ఒక్కటే ఉంటాయి, ఆ కిక్కూ స్నేరూ అలా వందలమంది చేతుల్లో పడ్డాయి.

1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్పీ-1200 అనే శాంప్లర్ (శబ్దం ముక్కలు పట్టుకుని వాయించే మెషిన్) గురించి చెప్పకుండా ఉండలేను. 12 బిట్ మెషిన్, మొత్తం మెమరీ 10 సెకన్లు, ఒక్క ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. మరి 3 సెకన్ల ముక్క కావాలంటే? 33 స్పీడు రికార్డుని 45 మీద తిప్పి రికార్డు చేసేవాళ్ళు. 3 సెకన్లది 2.2 సెకన్లలో దూరిపోతుంది, మెషిన్‌లో పిచ్ మళ్ళీ కిందకి దించితే నిడివి తిరిగి వస్తుంది, కానీ అలా దించినప్పుడు శబ్దంలోకి ఒక గరుకుదనం వస్తుంది, ఇసుక కలిసినట్టు. ఆ కాలం రికార్డుల్లో మనకి నచ్చే ఆ మట్టి వాసన చాలావరకు మెమరీ చాలక పుట్టిందే. మీరు చేసి చూడండి: ముక్క పిచ్‌ని 5 సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య మెట్లు) పైకి ఎత్తి, 12 బిట్, 26 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి సేవ్ చేసి, మళ్ళీ 5 సెమీటోన్లు దించండి. సాగదీసే ఆప్షన్ ఆపేయాలి, స్పీడూ పిచ్చూ కలిసి మారాలి.

ఇప్పుడు డబ్బుల సంగతి. దీన్ని వదిలేసి గైడ్ రాస్తే అన్యాయం.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 2017 ఫిబ్రవరిలో పోయాడు. పాట రచయితగా జేమ్స్ బ్రౌన్ పేరే ఉంది, కాబట్టి ఎవరు శాంపిల్ చేసినా డ్రమ్మర్‌కి రాయల్టీ రాలేదు. "ఆమెన్" వాయించిన కోల్‌మన్‌కీ రాలేదు. ఆయన బ్యాండ్ లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో అభిమానులు చందా వేసుకుని 24,000 పౌండ్లు ఇచ్చారు, అప్పటికి కోల్‌మన్ బతికి లేడు. కోర్టులు కూడా వచ్చాయి. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ అనుమతి లేకుండా ఒక పాట ముక్క వాడాడని న్యూయార్క్ జడ్జి తీర్పు ఇచ్చాక, ఒక్క పాటలో ఇరవై ముక్కలు పేర్చే అలవాటు ఖరీదైపోయింది. 2005లో ఇంకో కోర్టు ఫంకడెలిక్ అనే ఫంక్ బృందం రికార్డులోని రెండు సెకన్ల గిటారు ముక్క మీద తీర్పిస్తూ, లైసెన్స్ తీసుకోండి లేదంటే శాంపిల్ చేయకండి అంది. 2016లో వేరే కోర్టు దానితో ఏకీభవించలేదు. అందుకే కొందరు రికార్డు ముట్టుకోకుండా అదే ముక్కని బ్యాండుతో మళ్ళీ వాయించుకున్నారు, అప్పుడు స్వరకర్త అనుమతి చాలు, రికార్డు కంపెనీతో పని లేదు. మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. దాని కింద ఉన్న పాట మీద హక్కు వేరు, రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. మావయ్య అరలో రికార్డు పాతదే కదా అని రెండోది మర్చిపోకండి. నేర్చుకోడానికి ఏదైనా కొయ్యండి, బయటపెట్టేటప్పుడు మాత్రం అడిగి పెట్టండి.

అసలు మంచి దారి మన దగ్గరే ఉంది. మీ ఊళ్ళో డప్పు బృందాన్ని రికార్డు చేయండి. మామూలుగా పెళ్ళికి ఎంత ఇస్తారో అంతకి తగ్గకుండా ముందే ఇవ్వండి, వాయించిన ప్రతి ఒక్కరి పేరూ కాగితం మీద రాసుకోండి, ఎందుకు వాడతారో తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి, పాటకి డబ్బులొస్తే ఎంత వాటా అన్నది కూడా అందులోనే రాయండి. దరువు తరతరాలది, అది ఎవరి సొంతమూ కాకపోవచ్చు, కానీ ఆ రోజు వాయించిన చేతుల మీద చట్టంలోనే ప్రదర్శకుల హక్కు ఉంది.

రికార్డింగుకి తెల్లవారుజాము మంచిది, జనరేటర్లూ ఆక్వా చెరువుల ఏరియేటర్ల మోతా దూరంగా ఉండే కొబ్బరితోట చూసుకోండి. డప్పు కాచడం అయ్యేదాకా మైకు ఆన్ చేయకండి. ఎండు కొబ్బరాకు మంట మీద చర్మం బిగుసుకునే కొద్దీ ఊరికే వేలితో కొట్టి చూస్తుంటారు, మొద్దుగా ఉన్న శబ్దం కంగుమని తిరుగుతుంది, అప్పుడు మొదలుపెట్టాలి. చర్మం చల్లబడితే పది పదిహేను నిమిషాల్లో శ్రుతి దిగిపోతుంది, ముక్కలు ఒకదానితో ఒకటి కలవవు, కాబట్టి మధ్యలో మళ్ళీ కాచుకోమనండి. ఒక మైకు మూడడుగుల దూరంలో చాలు. ముందు బృందం అంతా కలిసి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా, అదే దరువు 8 చుట్లు. చివర్లో ఒక నిమిషం ఎవరూ వాయించకుండా తోట శబ్దం కూడా తీసుకోండి, అతుకుల కింద పరచడానికి పనికొస్తుంది.

ఇంటికొచ్చి కోశాక ఆ ముక్క వాళ్ళకి తప్పకుండా వినిపించండి. నేను ఒకసారి 110 టెంపోలో 2 బార్ల లూప్ చేసి, చిర్ర దెబ్బ దగ్గర మొదలుపెట్టి, చివర్లో సన్నగా ఏదో చప్పుడుంటే మిగులు అనుకుని ఫేడ్ చేసేశాను. ఎంతసేపు విన్నా ఎక్కడో కుంటుతున్నట్టే ఉంది, ఏమిటో దొరకలేదు. బృందంలో పెద్దాయన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు చుట్లు విని, "ఎత్తుగడ కోసేశావేంటి బాబూ" అన్నాడు. ఆ సన్నటి చప్పుడు చిటికెన పుల్ల దెబ్బ, తర్వాతి చుట్టుకి ఎత్తుగడ అది, 136 మిల్లీసెకన్లు. ఫేడ్ తీసేసి దాన్ని ఒకటికి ముందు మళ్ళీ నిలబెట్టాను. ఈసారి వింటూ ఆయన ఎడమచేతి వేలు మోకాలి మీద ఆడింది.